నడిమివేలు కొలత

ఆళ్లగడ్డ,
ఆగస్టు 4

ప్రియమైన ఖాజా బావకు,

ఓబులేసు రాసేది. ఉత్తరం చూసి ఎవరికేమైందో అని కంగారు పడొద్దు, అందరం బాగున్నాం. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మొన్న చేస్తే పది నిమిషాలు "ఆ? ఆ?" అని పెట్టేశావు. చెవికి మిషను పెట్టించుకోమంటే వినవు. అందుకని కాగితమే గతి.

సంగతేమంటే, నాకు చేపలు పట్టడానికి తోలు గ్లౌజులు కావాలి. ఈసారి వానలకు రుద్రవరం దగ్గర మన చెరువు నిండింది. ఆదివారం వస్తే గాలం భుజాన వేసుకొని పోతున్నాను. పోయిన వారం వాలుగ పడింది బావా, చేయంత పొడుగు. అది లాగిన లాగుడుకు నైలాను దారం అరచేతిలో రెండు గీతలు గీసింది. చేపా పోయింది, గాలమూ పోయింది. మీ చెల్లెలు రామసుబ్బమ్మ పసుపు అద్దుతూ, "అరవై ఏండ్లకు ఈ పిచ్చి ఏందయ్యా నీకు" అని గీతకొక తిట్టు తిట్టింది.

మా కోడలు గీతాంజలి ఫోన్లో చూసి ఒక జత తెప్పించింది. పైన అసలు తోలు అనే రాసి ఉంది. ఒక ఆదివారం తడిశాయి, మరుసటి ఆదివారానికి అప్పడాలయ్యాయి. వేలు మడిస్తే పటపటమన్నాయి. కుట్లన్నీ లోపలి వైపు ఉండి, దారం కంటే అవే ఎక్కువ కోశాయి.

నువ్వు కుట్టిన గంటల పట్టీలు ఇంకా మా కొట్టంలో వేలాడుతున్నాయి. ఎద్దులను అమ్మి ఎన్నేళ్లయిందో, పట్టీలకు మాత్రం ఒక కుట్టు కూడా ఊడలేదు. అందుకే నిన్ను అడుగుతున్నాను. నీ దగ్గర చేపల మాట ఎత్తకూడదని తెలుసు. పద్దెనిమిదేళ్లు ఎత్తలేదు కూడా. ఎత్తినందుకు తిట్టుకో, కానీ జవాబు రాయి.

మా చెల్లెలు ముంతాజ్‌ను అడిగానని చెప్పు.

నీ,
ఓబులేసు


నంద్యాల,
ఆగస్టు 9

ప్రియమైన ఓబులేసు బావకు,

తిట్టుకున్నాను. ఇక జవాబు.

తోలు అని రాస్తే తోలయిపోతుందా? ముక్కు ఉన్నది ఎందుకు? వాసన చూసి ఉంటే అప్పుడే తెలిసేది. నేనిప్పుడు ఎక్కువగా బాగుచేసేది బడిపిల్లల సంచుల జిప్పులే. అయినా తోలు కుట్టే ఆరె పట్టడం మరిచిపోలేదు. విను.

పెద్ద ఎనుము తోలు గట్టిదే, కానీ వేలు మడవలేవు. మేక తోలు మెత్తన, కానీ వాలుగ రెండు లాగులకు దారం దాన్ని చీల్చేస్తుంది. అందుకని అరచేతికి ఎనుము దూడ తోలు, అదీ తంగేడు చెక్కలో ఊరబెట్టి పదును చేసినది. వెనక వైపు మేక తోలు. కుట్లు బయటికి, మైనం పట్టించిన దారంతో రెండు వరసలు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఇంకో ముక్క వేస్తాను, దారం ఒరుసుకునేది అక్కడే. ఆ రెండు వేళ్ల కొనలు తెరిచి పెడతాను, లేకుంటే గాలానికి ముడి వేయలేవు. తడిసినాక నీడన ఆరబెట్టి ఆముదం రాయాలి. ఎండలో పడేశావంటే మళ్లీ అప్పడమే, అప్పుడు నన్ను అడగొద్దు.

నా దగ్గర చేపల మాట ఎత్తకూడదని నీకు ఎవరు చెప్పారు? నా చేయి తెగిన రోజు ముంతాజ్ అన్నది ఒకటే మాట: "దారం కోయని చేయి తెచ్చుకున్న పొద్దు పో. అంతవరకు గాలం ముట్టినావంటే నా మీద ఒట్టు." నేను ముట్టలేదు. నువ్వూ పిలవలేదు. సరే, అయిపోయిన మాట.

నీ చేతుల కొలత పంపు. తెల్లకాగితం మీద వేళ్లు విప్పి పెట్టి, పెన్సిలు నిలువుగా పట్టి, రెండు చేతులకూ చుట్టూ గీయించు. నీ అంతట నువ్వు గీసుకోకు, వంకర పోతుంది. గీయడం మా చెల్లెలు రామసుబ్బమ్మకు అప్పగించు, ఆమెది నిదానమైన చేయి.

ఇట్లు,
ఖాజా


ఆళ్లగడ్డ,
ఆగస్టు 28

ప్రియమైన బావకు,

కొలత కాగితం ఇందులో ఉంది. ఇన్నాళ్లు ఎందుకు పట్టిందని అడుగుతావు. మొదట గీసిన దాని మీద చారు ఒలికింది. రెండోది మనవరాలు రంగులు వేసుకుంది. ఈలోగా మిరప నాటే పని వచ్చి పడింది. చేతులు కొంచెం సన్నగా కనిపిస్తే కంగారు పడకు, ఈమధ్య చిక్కిపోయాను.

నిన్న ఆదివారం రెండు కొర్రమీనులు పడ్డాయి. గట్టు మీద మనం కూర్చునే బండ ఇంకా అట్లే ఉంది. ఒకడు కూర్చుంటే సగం మిగిలిపోతుంది కదా, నీ వైపు టిఫిన్ క్యారియర్ పెడుతున్నాను. అది నీ కంటే నయం, చేప పడేటప్పుడు దగ్గదు.

తొందరగా కుట్టు. నీళ్లు తగ్గకముందే.

నీ,
ఓబులేసు


నంద్యాల,
సెప్టెంబరు 6

ప్రియమైన బావకు,

కాగితం అందింది. వయసుతో చేతులు చిక్కుతాయని విన్నాను. వేళ్లు కూడా పొడుగవుతాయని నీ కాగితం చూశాకే తెలిసింది. ఏం తింటున్నావో కాస్త నాకూ రాయి.

ఇక్కడి సంగతులు. పోయిన నెల ఒక శుక్రవారం నమాజు నుంచి వస్తే ముంతాజ్ పండుగ లేదు పబ్బం లేదు, బిరియానీ చేసి పెట్టింది. కడుపునిండా తిని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచి చూస్తే వేళ్ల పక్కలన్నీ పెన్సిలు నలుపు. బడి సంచుల్లో పెన్సిళ్లు ఉంటాయి కదా, అంటుకుందేమో అనుకొని కడుక్కున్నాను.

గ్లౌజులు దాదాపు అయ్యాయి. మూడు రోజులు బకెట్లో నానేశాను. ఆముదం కంపుకు ముంతాజ్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వంట చేసింది. తర్వాత తనే ఒకటి తొడుక్కుని, కిటికీ కమ్మీకి నైలాను దారం కట్టి, కాలు గోడకు తన్ని పట్టి లాగింది. కమ్మీ వంగింది, తోలు మీద గీత కూడా పడలేదు. చేయి అటూ ఇటూ తిప్పి చూసుకొని, "ఇది దారం కోయని చేయే" అంది. ఎవరికి చెప్పిందో మరి.

వచ్చే శుక్రవారం రా. చేతికి వేసి చూసి ఆఖరి కుట్లు వేస్తాను. గంట ప్రయాణానికి సాకులు చెప్పొద్దు.

ఇట్లు,
ఖాజా


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 12

ప్రియమైన బావకు,

నేను రాలేను. వేసి చూడనక్కరలేదు, నీ కొలత ఎప్పుడూ తప్పదు. అట్లే పంపేయి.

రాకపోవడానికి మిరప తోట అడ్డమని రాద్దామని కూర్చున్నాను. అబద్ధం చేతికి రాలేదు. అందుకని ఉన్నది రాస్తున్నాను.

ఆ రోజు నీ గాలానికి పెద్ద బొచ్చె పడింది. దారం చేతికి చుట్టుకుందని నువ్వు అరిచావు. "వదలొద్దు బావా, పట్టు" అన్నది నేనే. చేప మీద ఆశతో అన్నాను. నీ కుడి అరచేయి తెగింది. మూడు నెలలు ఆరె పట్టలేదు నువ్వు. ఎద్దుల బండలాగుడు పోటీల ముందు ఒప్పుకున్న పట్టీలన్నీ వేరేవాళ్లకు పోయాయి. నువ్వు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మళ్లీ చెరువుకు రమ్మని ఏ మొహం పెట్టుకొని పిలిచేది? పెండ్లిళ్లకు పిలిచాను, పండగలకు పిలిచాను, అది ఒక్కటి నోట రాలేదు. నీకు చేపలంటే విరక్తి పుట్టిందని నాకు నేనే చెప్పుకొని పద్దెనిమిదేళ్లు ఒక్కడినే కూర్చున్నాను. తప్పయింది బావా. ఆ రోజు అన్నదీ తప్పే, తర్వాత అననిదీ తప్పే.

గ్లౌజులు వచ్చాక ఇంకో సంగతి చెప్పాలి. అది మంచిదే, భయపడకు.

నీ,
ఓబులేసు


నంద్యాల,
సెప్టెంబరు 18

ప్రియమైన ఓబులేసు బావకు,

పార్శిల్లో ఉన్నవి నీ గ్లౌజులు. ముందు తొడుక్కుని చూసి, తర్వాత చదువు.

సరిపోయాయా? సరిపోతాయి. నువ్వు పంపిన కొలతతో కుట్టినవి ఇవి కావు. ఆ కొలతవి నా చేతులకున్నాయి, వేసుకునే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకో.

ఒరే బావా, పన్నెండేళ్లప్పుడు మా నాయన దగ్గర పని నేర్చుకుంటూ తోలు కోసే రంపె జారి నా ఎడమచేతి నడిమివేలు కొన తెగిపోయింది. అది నీకూ తెలుసు. అందుకే కదా ఆ వేలికి నువ్వు కొన అతికించావు? చేయంతా పెన్సిలు గీత, ఆ వేలి కొన ఒక్కటీ నీలం పెన్ను. యాభై ఏళ్లుగా లేని కొనను పోస్టులో పంపినవాడివి నువ్వొక్కడివే. కాగితం విప్పిన నిమిషంలోనే నవ్వు ఆపుకోలేకపోయాను.

ముంతాజ్‌ను అడిగితే ఒప్పుకుంది. బిరియానీ పెట్టి, నిద్రలో నా చేతులు గీసి, నాతో నాకే గ్లౌజులు కుట్టించాలని రామసుబ్బమ్మ పేరు మీద పంపిందట. నువ్వు వేలు అతికించి మళ్లీ నాకే పంపావు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నా చేతులే తిరిగాయి, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. ప్రతి వానాకాలం నేను కుందూ ఏటి వంతెన మీద నిలబడి ఊరోళ్ల గాలాలు చూసి రావడం ఆమె చూస్తూనే ఉందట. "ఎవరో ఒకరు అడగాల గదా, ఇద్దరూ మూగోళ్లయితే ఎట్లా" అంది.

తోలు పనివాడివి, ఈ గ్లౌజులు ఎప్పుడో కుట్టుకోవచ్చు కదా అంటావేమో. తోలు ఎప్పుడూ నా దగ్గరే ఉంది. నీ పిలుపే లేదు. నా మీద కోపమనుకున్నాను, చేప పోగొట్టానని.

ఇక నీ జత. దానికి కొలత ఎక్కడిదంటే విను. ఆ రోజు తుండుగుడ్డ చుట్టి నా చేతిని నీ రెండు చేతుల్లో అదిమి పట్టుకున్నావు. గట్టు మీద పట్టుకున్నది ట్రాక్టరులో వదలలేదు. శిరివెళ్ల దగ్గర బస్సెక్కినా వదలలేదు. కండక్టరు దుడ్లు అడిగితే, "నా జోబీలో నుంచి తీసుకోప్పా, చేతులు ఖాళీ లేవు" అన్నావు. నంద్యాలలో డాక్టరు వచ్చి విడిపించేదాకా రెండు గంటలు. నువ్వు పట్టు అన్నది నీకు గుర్తుంది. నువ్వు పట్టుకున్నది నాకు గుర్తుంది. ఆ చేతుల కొలతకు నాకు కాగితం ఎందుకు?

ముంతాజ్ ఒట్టు తీసేసింది. ఆదివారం మొదటి బస్సుకు ఇద్దరం వస్తున్నాం. కొర్రమీను పులుసుకు చింతపండు నానేయమని రామసుబ్బమ్మకు చెప్పు. చేప పడకపోతే పప్పులోకి వాడుకోవచ్చు.

బండ మీద టిఫిన్ క్యారియర్ తీసేయి. నేను దగ్గుతాను, ఓర్చుకో.

ఇట్లు,
తొమ్మిది వేళ్ల
ఖాజా