ఎర్ర దారం కట్టిన సీసా

పూజ్యురాలు, వంటింటి మహారాణి అయిన అత్తయ్య పాదపద్మాలకు మేనల్లుడు సాష్టాంగపడి రాయునది:

పరుపుల కంపెనీలో నా ఉద్యోగం ఇంకా గాల్లోనే ఉంది. సెలవుల ముందు పెద్ద కస్టమర్లకిచ్చే విందు మేనేజరుగారు నా నెత్తిన పెట్టారు. విందు పండితే ఉద్యోగం ఖాయం, ఎండితే నేను ఇంటికి. చల్లటి పానీయం, కాల్చిన కోడి, కేకు, వెళ్లేటప్పుడు చేతికో కానుక కావాలి. నాకొచ్చిన వంట నీళ్లు కాచడం ఒక్కటే.

ఇట్లు,
నీ పట్టభద్రుడు

తా.క. మొన్న నీళ్లు కూడా మాడాయి.

---

చిరంజీవి అల్లుడికి అత్తయ్య దీవించి రాయునది:

ఏడవకు. బస్సు పార్సిల్లో అన్నీ పంపుతున్నాను. నారింజ షర్బత్‌లో నీళ్లూ ఐసూ కలుపు. అల్లం, మిరియాలు, నిమ్మరసం కలిపి పంపిన నీళ్లలో కోడిని నానబెట్టి కాల్చు. కేకు మీద పాకం పొయ్యి. కానుక సంగతి నువ్వే చూసుకో, అంత చదివించాం కదా!

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఏ సీసాలో ఏముందో వేరే చెప్పక్కర్లేదు. నా చేతుల్లో పెరిగినవాడివి.

---

అత్తయ్యకు (నమస్కారాలు ప్రస్తుతానికి వాయిదా):

విందు అయింది. నేనూ అయిపోయాను. 'నారింజ షర్బత్' అని రాసున్న సీసా తీసి, ఐసు వేసి, పుదీనా గుచ్చి అందరికీ పంచాను. కొత్త చొక్కా మీద పడుతుందని రుచి చూడలేదు. మేనేజరుగారు ఒక్క గుక్క వేశారు. ముఖం టమాటా అయింది.

"ఏంటయ్యా ఇది?"

"మా వంశాచారం సార్" అన్నాను. ఇంకేమీ తోచలేదు మరి.

ఆయన మిగిలిన సీసా చంకన పెట్టుకుని వెళ్లిపోయారు. సాక్ష్యం కోసమే అయ్యుంటుంది. రేపు పొద్దున్నే వచ్చి కలవమన్నారు.

ఇట్లు,
రేపటి నిరుద్యోగి

తా.క. అల్లం నీళ్లని రాసున్న సీసా కనబడక 'వెనిగర్'లో నానబెట్టిన కోడి మాత్రం తియ్యగా కుదిరింది, ఎముకలు కూడా మిగల్లేదు. ముందుచూపుతో నువ్వు పంపిన ఫినాయిల్‌తో హాలంతా తుడిచాను. ఎందుకో నేల చెప్పుల్ని వదలడం లేదు.

---

ఓరి పట్టభద్రుడా!

మనింట్లో సీసా మీద రాసింది లోపల ఏనాడైనా ఉందా? బిస్కెట్ల డబ్బాలో సూదులూ, సూదుల డబ్బాలో యాలకులూ చూస్తూ పెరిగి, అంటించిన కాగితాన్ని నమ్ముతావా? మూతకి ఎర్ర దారముంటే ఘాటు, పచ్చ దారముంటే తీపి. నువ్వు వాళ్లచేత తాగించింది కోడి స్నానం చెయ్యాల్సిన నీళ్లు! వెళ్లి కాళ్ల మీద పడు. తప్పు మా అత్తదే అని చెప్పు. నీ ఉద్యోగం పోతే నాకు ముద్ద దిగదు.

ఇట్లు,
తల పట్టుకున్న అత్తయ్య

తా.క. ఫినాయిల్ సీసాలోది బెల్లం పాకం. చీమలకీ విందు పెట్టావన్నమాట.

---

జగదేకవీరురాలు అత్తయ్యకు జయజయధ్వానాలతో:

కాళ్ల మీద పడబోతే మేనేజరుగారే పట్టుకుని లేపారు. "ఎప్పట్నుంచో మూసుకుపోయిన ముక్కు తెరుచుకుందయ్యా! మన పరుపు మీద మొదటిసారి నిద్రపోయాను" అన్నారు. ఇకనుంచి పరుపు కొన్న ప్రతివారికీ సెలవుల కానుకగా ఆ సీసానే. నా ఉద్యోగం పర్మనెంటు! నిజం చెప్పడానికి నోరు రాలేదు. కనిపెట్టిన మహానుభావురాలు నువ్వేనని మాత్రం చెప్పాను. వచ్చే నెల నీకు సన్మానం.

ఇట్లు,
ఉద్యోగస్థుడైన అల్లుడు

తా.క. వేదికెక్కి నిండు గ్లాసు నువ్వే మొదట తాగి చూపించాలట. నీ తరఫున ఒప్పేసుకున్నాను. ఫోటోలు తీస్తారు కాబట్టి, నవ్వుతూ తాగాలి.