మధ్య గదిలో విస్తరి

గిద్దలూరు,
13-9-1958

శ్రీవారికి నమస్కరించి మీ నాగమణి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నందికొండ డ్యాం పనుల్లో మీరూ క్షేమమని తలుస్తాను. మా క్షేమం ఎటువంటిదో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు మీరు అడిగినవి చెబుతాను. వాన పడలేదు. దుకాణం మామయ్య చూసుకుంటున్నారు. నేను లావెక్కిన మాట నిజమే. అత్తయ్య రాయించినట్టు అది కడుపు మాత్రం కాదు, సంబరపడకండి.

మీ చెల్లెలు విశాలాక్షి విషజ్వరంతో పోయి ఏడాది దాటిందా, ఇప్పటికీ అత్తయ్య ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మధ్య గదిలో విస్తరి వేసి, ఆ పిల్లకు ఇష్టమని పూర్ణాలూ పులిహోరా పెట్టి తలుపు మూస్తారు. గంటయ్యాక తెరిస్తే విస్తరి ఖాళీ. ఒకసారి నేలమీద పిండి చల్లితే అడుగులు కూడా పడ్డాయి. "ఇది నా బిడ్డ అడుగే. ఆ వేలు చూడు, అట్లనే ఉంది" అని ఆ పిండిని కొంగున ముడి వేసుకున్నారు. అప్పటినుంచే ఆమె మళ్ళీ కడుపునిండా అన్నం తింటున్నారు.

ఆ అడుగులు నావి. తింటున్నది నేనే.

ఆకలితో కాదండీ. అందరితో భోంచేసి లేచాకే, ఆ గదికి పెరటివైపున్న తలుపు తీసుకుని పోతాను. చేయి ఆగదు. రుచి తెలియదు. కడుపు నొప్పెట్టేదాకా మింగి, తరువాత నామీద నాకే రోత పుడుతుంది. పాపం పోవాలని శనివారం కటిక ఉపవాసం ఉంటాను. ఆదివారం వంటింట్లో దొరికిందల్లా చాటుగా తింటాను.

మార్కాపురంలో లేడీ డాక్టరుకు చెప్పుకున్నాను. కరువొచ్చిన ఏట నేను గంజి కోసం వరుసలో నిలబడ్డ సంగతి, విశాలాక్షి నా ఒళ్ళోనే పోయిన సంగతి అన్నీ అడిగి తెలుసుకుంది. ఇది దయ్యమూ కాదు, తిండిపోతుతనమూ కాదు, జబ్బేనట. ఉపవాసాలు మాని, మూడు పూటలా వేళకు నలుగురిలో కూర్చుని తినాలట. "దాచినంత కాలం పెరుగుతుంది. ఒక్కరికన్నా చెప్పు" అంది. అందుకే ఈ ఉత్తరం. అత్తయ్యకు చెబితే ఆమెకు కూతురు రెండోసారి పోయినట్టే. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నిన్న పోకూడదనుకుంటూనే పోయాను. తింటుండగా ముందు తలుపు తెరుచుకుంది. అత్తయ్య. పట్టపగలు, నా ముఖం ఆమెకు బాగానే కనిపిస్తోంది. పక్కన కూర్చుని నా వీపు నిమిరారు.

"మెల్లగా తిను విశాలాక్షీ. పొలమారుతుంది."

ఇంకో రెండు పూర్ణాలు వడ్డించారు. అవీ తిన్నాను.

ఇవాళ శనివారమైనా మళ్ళీ విస్తరి వేసి, ఆ పేరుతోనే పిలిచారు. నేను నాగమణినని చెప్పాలనే నోరు తెరిచాను. "వస్తున్నా అమ్మా" అన్నాను.

భయంగా ఉందండీ. ఉత్తరం అందగానే బయలుదేరి రండి. వచ్చి అందరి ముందూ నన్ను నా పేరుతో పిలవండి.

ఇట్లు,
మీ భార్య
నాగమణి