తెగిన వంతెన

సంవత్ 1902, మాఘం 19

నేను లెక్కలు రాసే మందుగుండు కొట్టు సట్లెజ్ ఉత్తరపు ఒడ్డున. మా సిక్కుల ఫిరంగులన్నీ దక్షిణపు ఒడ్డున, తెల్లవాళ్ళ కంపెనీ సైన్యానికి ఎదురుగా. మధ్యలో పడవల వంతెన. ఇవాళ ముప్ఫై పీపాలు దాటించాను. మా పటాలాన్ని నడిపే కుమేదాన్ జవంద్ సింగ్ కూడా దాటాడు, గడ్డానికి అత్తరు పూసుకుని. ఫిరంగికి ముందేదో వెనకేదో ఆయనకు తెలుసా అని నా అనుమానం.

మాఘం 21

జనరల్ వచ్చి చూశాడు. పల్లకీ దిగలేదు.

మాఘం 23, మధ్యాహ్నం

వంతెన నడుమ రెండు పడవలకు ఇనుప గొలుసులు తీసేసి గడ్డితాళ్ళు కట్టారు. పడవవాళ్ళ పెద్ద ఫత్తూని అడిగాను. కుమేదాన్‌గారి హుకుం మున్షీజీ, తెల్లవాళ్ళు వంతెన ఎక్కితే ఒక్క వేటుకి తెగాలట అన్నాడు. మరి అవతలున్న మనవాళ్ళో అన్నాను. నన్నడిగితే? నేను నీళ్ళ మనిషిని అని హుక్కా అందుకున్నాడు.

సాయంత్రం

అవతలికి వెళ్ళి ఖజాన్ సింగ్‌తో చెప్పాను. మా చెల్లెలు ప్రసిన్నీ మొగుడు, ఫిరంగి వేసేవాడు. పటాలం ఎన్నుకున్న అయిదుగురు పంచుల్లో ఒకడు. పంచులు తల ఊపనిదే కుమేదాన్ హుకుం కదలదు, అందుకే వాళ్ళంటే ఆయనకు మంట. ఖజాన్ నవ్వాడు. బావా, ఆ అత్తరు సీసాకి ఇంత బుర్రుందా? రేపు పంచాయితీలో తేలుస్తా, వంతెనకి మనవాళ్ళనే ఇరవై మందిని కాపలా పెట్టిస్తా అన్నాడు.

మాఘం 24

పంచాయితీ జరిగింది. మొదటి మాట, ఈ ఒడ్డున నిలవాలా, వెనక్కి తగ్గాలా అని. నిలుద్దాం అన్నారు అందరూ. వంతెన సంగతి ఎత్తడానికి ఖజాన్ గొంతు సవరించుకున్నాడు. కుమేదాన్ అంతకంటే ముందే లేచాడు. చేతులు జోడించాడు, కళ్ళనీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. గ్రంథీజీ, ఇంత గొప్ప మాటకి అర్దాస్ చెయ్యకుండా ఎలా అన్నాడు, మాకు గ్రంథం చదివే ఆయనతో. ఆ అమాయకుడు లేచాడు. ఆ ప్రార్థనకి నిలబడాలి కనుక అందరం లేచాం. గెలిచేదాకా వెనక ఒడ్డు వైపు చూడం అనే మాట కుమేదానే అందించాడు. గ్రంథీ మాకు గురువైన ఆ గ్రంథం ముందు ఆ మాటే పలికాడు. తలలు వంచాం.

అర్దాస్‌లో గురువుకు విన్నవించిన మాటను మళ్ళీ ఎవరూ కదపరు. వంతెనకు కాపలా పెడితే వెనక్కి చూసినట్టే. అందరికీ అర్థమైంది, గ్రంథీకి కాస్త ఆలస్యంగా.

బయటికొచ్చాక, పంచాయితీ వద్దు, నీ మనుషులను నువ్వే పంపు అన్నాను. ఖజాన్ మండిపడ్డాడు. గురువు ముందు తల వంచి వచ్చి దొంగలా వెనకదారి చూసుకోమంటావా బావా? నీకు ఈత రాదనా భయం? నీ ఒడ్డున నువ్వు భద్రంగానే ఉన్నావుగా! పంచులు పగలబడి నవ్వారు.

ఒక దొంగ గురువును అడ్డం పెట్టుకున్నాడు. అయిదుగురు వీరులు దారి వదిలారు. ఎవరి మీద ఉమ్మాలో తెలియదు. అక్కడ నిలబడి తల వంచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మాఘం 27

కుమేదాన్ డేరా ఈ ఒడ్డుకు వచ్చేసింది. జ్వరమట.

మాఘం 30

తెల్లారకముందే ఫిరంగులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మన మట్టిగోడ మూడుచోట్ల కూలింది. మనవాళ్ళు వెనక్కి నడుస్తూ కొడుతూ వంతెన దాకా వచ్చారు. తెల్లవాడు ఒక్కడూ వంతెన మీద అడుగు పెట్టలేదు. జ్వరం మనిషి గుర్రం మీద నుంచి చెయ్యి ఎత్తాడు. రెండు వేట్లు. రెండు పడవలూ దిగువకు కొట్టుకుపోయాయి.

ఫిరంగివాళ్ళు ఆఖరి గుంపులో వచ్చారు. ఖజాన్ ఖాళీ అంచుదాకా వచ్చి ఆగాడు. ఇవతలి అంచున ఉన్న నన్ను చూశాడు. వెనక తోసుకొచ్చేవాళ్ళు ఆగలేదు. పీపాలు కట్టే తాడు నా చేతిలోనే ఉంది. అంత దూరం అందదు. అయినా విసిరాను. నది నిండా తలపాగాలు.

ఫాల్గుణం 4

జనం బరువుకు వంతెన తెగిందని కుమేదాన్ లాహోరులో చెప్పాడట. శాలువా కప్పారట.

ఫాల్గుణం 7

ప్రసిన్నీ గుమ్మంలోనే అడిగింది. గాయం రొమ్ము మీదా అన్నా, వీపు మీదా అని.

గాయం లేదమ్మా, నీళ్ళు అన్నాను.

ఎందుకని అడిగింది. అంతా చెప్పాను, నేను తల వంచిన సంగతితో సహా.

పొయ్యి మీద రొట్టె మాడింది. దాన్ని తీసి కుక్కకు వేసింది. నన్ను కూర్చోమనలేదు.