ట్యాంకు మీద బుల్లి సీటు

చిరంజీవి అయిన మా అమ్మాయికి అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఎప్పుడూ అలవాటుగా గీకేసే ఈ రెండు వాక్యాలు రాయడానికి ఈసారి చాలాసేపు పట్టింది. అబద్ధం కాదు, అలాగని పూర్తిగా నిజమూ కాదు. చదువుతూ పో, నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం నాన్న బండి పందేనికి వారం ముందు అందింది, ఆ పందెం సంగతి కింద రాస్తాను. నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. నా కిందటి ఉత్తరం నిండా ఆ పెట్రోలు వాసన ఏమిటని అడిగావు. ఇంకొకటి, కాగితం అడుగున చిన్న అక్షరాలతో, రాయాలా వద్దా అనుకుంటూ రాసినట్టు రాశావు. మా ఆయనా నేనూ విడిపోయామని ఫోన్‌లో ఏడుస్తూ చెబితే నాన్న "చాలా సంతోషం తల్లీ" అని ఎందుకన్నారమ్మా, నా మీద అంత కసి దేనికి, అని. నాన్న అలా అన్నారని నువ్వు నాకు చెప్పడం ఇదే మొదటిసారి. దానికి జవాబు ఉంది. కానీ అది బండి సంగతుల్లోంచే రావాలి, కాస్త ఓపిక పట్టు.

మోకాలు బాగానే ఉంది. అంటే లేచేటప్పుడు ఒక కేక, కూర్చునేటప్పుడు ఒక కేక, మధ్యలో బాగానే ఉంది. పెట్రోలు వాసనంటావా, ఇప్పుడు మన దుప్పట్లకీ అదే వాసన. కింద నాన్న మెకానిక్ షెడ్డు మూలన టార్పాలిన్ కప్పి పడేసిన పాత డర్ట్ బైక్ గుర్తుందా? నువ్వు పుట్టకముందు మీ నాన్న మట్టి పందేల్లో నడిపింది. నీకు సరిగా నడక రాకముందే నిన్ను దాని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వీధంతా తిప్పేవారు. నేను మేడ మీంచి అరుస్తూ ఉండేదాన్ని. ఆ బండినే మళ్లీ బతికించారు. పాత బళ్లకీ పాత మనుషులకీ కలిపి ఒక పందెం పెడుతున్నారని బొంగరం బాబాయి వచ్చి చెప్పాడు. బాబాయిని మర్చిపోయి ఉండవు, ప్రతి మలుపులోనూ గిర్రున తిరిగి పడతాడని ఆ పేరు వచ్చినాయన. ఇక ఆ రోజు నుంచి మీ నాన్న కాలు ఒకచోట నిలవలేదు.

ఇదంతా నువ్వు ఆ ఫోన్ చేసిన వారానికే. ఫోన్ వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. తర్వాత నువ్వు నాకు ఉత్తరం రాసి, నాన్నకి ఫోన్‌లో చెప్పేశాను అన్నావు. ఆయన మాత్రం నాతో ఆ ఊసే ఎత్తలేదు. మన ఇంటి తీరు నీకు తెలియంది కాదు. గుండెకి గుచ్చుకునే మాట ఎవరూ ముందు ఎత్తరు, ఎదుటివాళ్లకి తెలుసులే అనుకుంటూ కాలం గడిపేస్తారు. ఈయన కూడా మింగలేక కక్కలేక ఉన్నారు కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే షెడ్డులోంచి ఈల వినిపించింది. మీ నాన్న ఈల వేసుకుంటూ టార్పాలిన్ దులుపుతున్నారు!

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ కూతురి సంసారం కూలిపోతే ఈయనకి ఇక్కడ ముసలితనంలో బండి సరదా. మాట్లాడటం మానేశాను. భోజనం పెట్టడం, పక్క దులపడం, అంతే. ఆయనకి అదేమీ పట్టినట్టు కూడా లేదు. దాంతో నా కోపం ఇంకా పెరిగింది.

బండి మాత్రం ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టింది. పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయింది. నూనె పోసి నానబెట్టి, రోజూ పొద్దున్నే వెళ్లి కిక్ మీద చెయ్యి వేసి చూసేవారు, జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు. సైలెన్సర్ విప్పితే లోపల ఎలుకల కాపురం. నా పాత చీర ముక్క ఒకటి ఎన్నాళ్లుగానో కనిపించడం లేదని నిన్ను తిట్టేదాన్ని చూడు, అది అక్కడ దొరికింది. నిన్ను ఉత్తపుణ్యానికి తిట్టాను. సీటంతా చివికిపోతే పక్క కొట్టు టైలర్ రెక్సిన్ తెచ్చి కొత్తది కుట్టాడు. దాంతో పాటు ట్యాంకు మీద కట్టడానికి ఒక బుల్లి సీటు కూడా కుట్టించారు మీ నాన్న, అచ్చం నీ చిన్నప్పుడు ఉన్నటువంటిదే.

"పందెం బండికి ఇదెందుకు సార్?" అన్నాడు టైలర్.

"ఉండనీవోయ్, పనికొస్తుంది," అన్నారు ఈయన.

నీ జ్ఞాపకంగా పెట్టుకున్నారనుకుని నేను కొంచెం మెత్తబడ్డాను. ఆ సీటు సంగతి గుర్తుపెట్టుకో.

బండి మొదటిసారి స్టార్ట్ అయిన రోజు వీధంతా నీలం పొగ. నేను మేడ మెట్ల మీద నిలబడి వింటున్నాను. ఇన్నేళ్లు షెడ్డు మీద కాపురం ఉన్నదాన్ని, ఏ ఇంజను సుఖంగా ఉందో ఏది మూలుగుతోందో నాకూ తెలుస్తుంది. పైగా క్లాసులో వెనక బెంచీలో ఎవడు గుసగుసలాడాడో పట్టుకున్న టీచరు చెవులు నావి. బండి కీచుగా, గొంతు పట్టేసినట్టు మోగుతోంది. ఆయన మాత్రం కార్బొరేటర్ దగ్గర స్క్రూడ్రైవర్ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ, నా వైపు చూసి రమ్మని సైగ చేశారు.

"ఎలా మోగుతోంది?" అన్నారు.

"మెకానిక్ మీరా నేనా?" అన్నాను. అలక మానేసి నేను అన్న మొదటి మాట అదే.

ఆయన బండి ఆపేశారు. వెళ్లి షట్టర్ సగానికి దించి వచ్చారు. "నాకు వినపడటం లేదే," అన్నారు. 

ఎప్పటి నుంచి అని అడిగాను. అది కూడా వినపడలేదు, నా పెదాలు చూసి అర్థం చేసుకున్నారు. కొన్నేళ్లుగా కొంచెం కొంచెంగా పోతోందట. ఎదురుగా ఉన్నవాళ్ల పెదాలు చూసి నెట్టుకొస్తున్నారట. ఫోన్‌లో అయితే పెదాలు ఉండవుగా, ఒట్టి రొద తప్ప ఒక్క ముక్క తెలియదట. అందుకే ఫోన్ మోగితే షెడ్డులోకి పారిపోతారు. తప్పించుకోలేక ఎత్తితే, ఎదుటివాళ్లు ఆగినప్పుడల్లా సరే, మంచిది అంటారు. "ఎవరికీ చెప్పకు, అమ్మాయికి అసలే చెప్పకు. ఇంజను చప్పుడు వినపడని మెకానిక్ దగ్గరికి ఎవడొస్తాడు?" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇంకో సంగతి విను. నేను అలిగి మాట్లాడటం మానేస్తే, వెనక నుంచి వినిపించే నా కాస్త గొంతూ వినిపించక, ఆయన తన చెవులు పూర్తిగా పోయాయనుకుని లోలోపల కుమిలిపోయారట. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. నాకు మాత్రం అప్పుడు అర్థం కాలేదు. ఫోన్‌లో నీతో ఆయన ఏమన్నారో అప్పటికి నువ్వు రాయనే లేదు కదా.

ఆ రోజు నుంచి బండికి చెవులు నేనే. ఆయన స్క్రూ తిప్పుతారు, నేను వింటాను. కీచుమంటే అరచెయ్యి పైకి చూపిస్తాను. బొడబొడమని గొంతు బరువెక్కితే అరచెయ్యి కిందికి. సరిపోయిందంటే ఆయన భుజం మీద చెయ్యి వేస్తాను. తల ఎత్తకుండానే తెలిసిపోతుంది ఆయనకి. పెళ్లయి ఇన్నేళ్లకి మా ఇద్దరికీ కుదిరిన మొదటి పని ఇదేనేమో. భుజం మీద చెయ్యి పడగానే ఆయన కళ్లు మూసుకుని ట్యాంకు మీద రెండు చేతులూ ఆనించి ఆ అదురు వినేవారు. వినేవారు అనే రాశాను, కొట్టెయ్యను.

అలా ఉండగా నీ ఉత్తరం వచ్చింది. అడుగున ఉన్న ఆ మాట చదివాక గానీ నాకు ముడి విడలేదు. పాపిష్టి ఫోన్, నా బిడ్డ ఏడుపు అందులోంచి ఆయన దాకా చేరనే లేదు. వెంటనే చెప్పేద్దామని షెడ్డులోకి దిగాను. ఆయన బుల్లి సీటుకి పట్టీ బిగిస్తూ ఈల వేస్తున్నారు. వచ్చిన దారినే మేడెక్కేశాను. పందెం కానీ, తర్వాత చెబుదాం అనుకున్నాను.

పందెం ఊరవతల పాత కంకర క్వారీలో. వచ్చినవాళ్లంతా ఒకప్పటి వీరులే, ఇప్పుడు జాకెట్లు పొట్టల దగ్గర కలుసుకోవడం లేదు. జెండా దించగానే మీ నాన్న దూసుకుపోయారు. గేరు ఎప్పుడు మార్చాలో మోకాళ్ల మధ్య ట్యాంకే చెబుతుందన్నారు, నిజమే, ఒక్క గేరు తప్పలేదు. మొదటి చుట్టులో మూడో స్థానం. రెండో చుట్టే ఆఖరిది, అందులో మన బొంగరం బాబాయి పేరు నిలబెట్టుకున్నాడు. మలుపులో గిర్రున తిరిగి పడ్డాడు, కాలు బండి కింద ఇరుక్కుపోయింది. వెంటనే ఈలలు ఊదారు. ఎర్ర జెండా ఊపారు కానీ ఆ దుమ్ములో అది ఎవరికి కనపడుతుంది? ఈలలు విని అందరూ ఆగిపోయారు. ఒక్క మీ నాన్న తప్ప.

ఒక్కరే పోతున్నారు తల్లీ. క్వారీ మొత్తంలో ఒక్క బండి చప్పుడు. జనం మొదట అరిచారు, తర్వాత కొందరు నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను పందెం ముగిసే గీత దగ్గరికి పరిగెత్తి నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నారు, ఎవరూ లేరు. ముందూ ఎవరూ లేరు. ఒక చెయ్యి గాల్లోకి ఎత్తి గీత దాటి, నా ముందు బండి ఆపారు. ఆ మొహం నువ్వు చూడాల్సింది.

"చూశావా? ఒక్కడు కనపడితే ఒట్టు!" అన్నారు.

నా మొహం చూసి, నేను చూస్తున్న వైపు తిరిగి చూశారు. దూరంగా మలుపు దగ్గర అందరూ బళ్లు ఆపి, పడిపోయినాయన చుట్టూ నిలబడి ఉన్నారు. బాబాయికి మడమ బెణికింది, అంతే, భయం లేదు. పందెం నడిపేవాళ్లు మర్యాదగానే చెప్పారు, ఈల వినపడని మనిషిని మళ్లీ దింపలేం, ఆయనకీ ప్రమాదం, పక్కవాళ్లకీ ప్రమాదం అని. వాళ్ల పెదాలు చూడకుండానే ఆయన తల ఊపి హెల్మెట్ తీసేశారు. దాచుకున్నదంతా అలా పదిమందిలో బయటపడింది. నా ఒట్టు కూడా అక్కడితో తీరింది.

సాయంత్రం బండిని షెడ్డులో పెట్టాక ఆయన బుల్లి సీటు మీద దుమ్ము తుడుస్తూ అడిగారు. "ఎలాగూ అందరికీ తెలిసిపోయింది, ఇక సిగ్గెందుకు. ఆ రోజు ఫోన్‌లో పిల్ల ఏం చెబుతోందో నాకు తెలియలేదు. గొంతులో ఏదో అదురు మాత్రం తెలిసింది. శుభవార్తే అనుకున్నాను. నువ్వే చెబుతావని చూశాను, చెప్పలేదు. ఇంతకీ ఎన్నో నెల?"

ఆ ఈల, ఆ బుల్లి సీటు, బండిని బతికించడం, అంతా వచ్చే మనవడి కోసమో మనవరాలి కోసమో. తాత పందెం గెలిచిన బండి మీద ఊరేగించాలని. నేను చెబితే ఆయన నా పెదాల మీద ఆ మాట చదువుకోవడం చూసే ధైర్యం నాకు లేకపోయింది. టైర్ల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసుకుని షట్టర్ మీద రాశాను. "వాళ్లిద్దరూ విడిపోయారు. ఆ రోజు ఏడుస్తూ చెప్పింది అదే."

ఆయన చాలాసేపు చదివారు. "నేనేమన్నాను?" అని అడిగారు.

బోర్డు మీద జీవితమంతా రాసిన చెయ్యి నాది. ఆ ఒక్క మాట మాత్రం వంకరగా పడింది. "చాలా సంతోషం తల్లీ అన్నారు."

మీ నాన్న ఏడవడం నువ్వు ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. తన ఏడుపు తనకి వినపడదు కదా, ఎంత గట్టిగా ఏడుస్తున్నారో ఆయనకి తెలియలేదు. పక్క కొట్టు టైలర్ మిషన్ ఆపి పరిగెత్తుకొచ్చాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేయబోయి ఆగిపోయాను. సరిపోయిందనే అర్థం వస్తుందేమోనని భయమేసింది. పక్కన కూర్చుండిపోయాను.

ఆయనకి నీ మీద కసి లేదు తల్లీ. నీ కోసం మూటగట్టుకున్న సంబరం ఆయనది, దాని కింద నీ ఏడుపు పడి నలిగిపోయింది. ఆయన తెలియక అన్నారు, నేను కోపంతో అడగక ఊరుకున్నాను, నువ్వు మనసు విరిగి చెప్పలేదు. ముగ్గురం ఎవరి మూలన వాళ్లం కూర్చున్నాం.

బుల్లి సీటు తీసేయనా అని అడిగాను. వద్దన్నారు. నువ్వొస్తే నిన్నే కూర్చోబెడతారట. అమ్మాయికి ఆ సీటు ఏ మూలకీ సరిపోదండీ అంటే, "సరిపోకపోతే వెనక కూర్చుంటుంది, ముందు రానీ," అన్నారు.

ఉత్తరం రాయమంటే రాయనన్నారు. నోటితో అన్నది నోటితోనే వెనక్కి తీసుకుంటారట. ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారం పొద్దున్నే ఫోన్ మోగుతుంది, తియ్యి. ఆయనే మాట్లాడతారు. నువ్వు ఏం చెప్పినా ఆయనకి వినపడదు, అయినా చెప్పు, ఏడుపొస్తే ఏడువు, తిట్టాలనిపిస్తే తిట్టు. ఆయన మాట్లాడాక రిసీవర్ నా చెవి దగ్గరే ఉంటుంది. నీ గొంతు కోపంతో కీచుమంటే ఆయనకి అరచెయ్యి పైకి చూపిస్తాను. దుఃఖంతో బరువెక్కితే కిందికి. నాకు నిజంగా సరిపోయిందనిపించినప్పుడు మాత్రమే ఆయన భుజం మీద చెయ్యి వేస్తాను. అప్పటిదాకా ఆయన ఫోన్ పెట్టరు.

ఇట్లు,
నీ గొంతు కోసం చెవి ఒగ్గి ఉన్న
మీ అమ్మ