ఫ్లాటు తాళాలు తెచ్చినవాడు

తమ్ముడూ, నిద్రలో నిన్ను లేపబుద్ధి కాలేదు. చేతి వాపు మీద ఐసు పెట్టుకో. అన్నం గిన్నెలో ఉంది, తినేసి పెద్దాసుపత్రికి రా. హెల్మెట్ కడగకు, పోలీసులు అడుగుతారు.

నిన్న మన వెనకాల అరుస్తూ పరిగెత్తుకొచ్చినవాడు నా బ్యాగు లాక్కోవడానికి రాలేదురా. ఆ వీధి మొదట్లో ఇస్త్రీ చేసుకునే మనిషి. ఫ్లాటు చూసొస్తూ, దారి అడిగినప్పుడు బ్రోకరిచ్చిన తాళాలు అతని బల్ల మీదే మరిచిపోయాను. నువ్వు బండెక్కి పోయాక అవి అతని గుప్పిట్లో కనిపించాయి. అతను కిందపడ్డాక కూడా హెల్మెట్‌తో మొహం మీద కొడుతూనే ఉన్నావు. పళ్ళు విరిగిన చప్పుడు విన్నా నేను “చాల్లే” అనలేదు. అతని ఎడమ కన్ను పోవచ్చంటున్నారు డాక్టర్లు.

బ్రోకరు పొద్దున్నే ఫోన్ చేశాడు. “ఆ పేటలో ఇవి మామూలేనమ్మా, భయపడి బేరం వదులుకోకండి” అన్నాడు.

ఎక్కడికీ పారిపోకు. నీ పక్కన నేనుంటాను.

అక్క

ఇంకో మాట. ఆసుపత్రిలో అతని భార్య నన్ను తిట్టలేదు. కూతుర్ని తన వెనక్కి లాక్కుని, “మీరు నిజంగా మా వీధికే కాపురానికొస్తున్నారా అమ్మా?” అని మాత్రం అడిగింది.