పచ్చినేల మీద నడువకు

ఎల్లవ్వ నాయినా,

నేల మీద అడుగు పెట్టకు! ఇంకా పచ్చిగున్నది. గోడ పొంటి చెక్కలు పరిచిన, వాటి మీదనే నడువు. జొన్నరొట్టెలు ఉట్టి మీదున్నయి. మా అక్కకు నొప్పులొస్తున్నయని కబురొస్తే పిల్లను తీసుకొని చిల్పూరు పోతున్న. ఈ చీటి ఎప్పటి లెక్కనే చూరుల పెడుతున్న.

నేల నేనొక్కదాన్నే కొట్టిన. నీ దళం తిరుగుడు ఒడిసేదాక ఆగితే ఇంట్ల చెదలే మిగులుతది. కూలిన దొర గడి గోడ సున్నపు పెళ్లలు తెచ్చి, దంచి అడుగున పోసిన. పైన పుట్టమన్ను, ఊక, పెండ కలిపి మెత్తి వాగు రాయితోని రుద్దిన. ఇగ దొర గోడ మీద కాళ్లు సాపుకొని పండుకుంటం!

పోయినసారి తడి అలుకు మీద నడిచి పొయ్యి దాక అడుగులు దించి పోయినవు. తెల్లారి పోలీసోళ్లొచ్చి ఈ అడుగులు ఎవలవని అడిగితే, నావే అని అండ్ల నా కాలు పెట్టి చూపిన. ఇంకో కాలు పట్టే జాగ మిగిలింది. ఎట్ల నమ్మిన్రో ఏమో!

సంగం బడిల నేర్చిన రాత, తప్పులుంటే నవ్వకు. చదివినంక కాలబెట్టు.

మరిచిన. గింజల గుమ్మి పక్కన చేటంత జాగ రుద్దకుండ తడిబట్ట కప్పి ఉంచిన. అండ్ల మన ఎల్లవ్వ పాదం దించిన. దాని పక్కన నీదొకటి దించి, గుమ్మిని మీదికి జరుపు. ఖాళీదే, అల్కగ జరుగుతది. పోలీసోళ్లకు కనబడదు. నువ్వు ఇంట్లనే ఉన్నవని మా ఇద్దరికే ఎరుక.