చెరువు పూడ్చిన చోట తోటకూర

ఏవండీ,

మీకు చేరదని తెలిసే రాస్తున్నాను. మీరు పోయి నేటికి రెండేళ్లు.

మన పొలాన్ని రొయ్యల చెరువు చేశాక, "ఈ మట్టిని నేనే చంపేశాను" అనేవారు. చర్చిలో ఇవ్వడానికి తొలి పంట లేదని కోతపండగకు రావడమే మానేశారు.

ఇప్పుడు కైకలూరులో మన చర్చి వెనకున్న పాత రొయ్యల చెరువును పూడ్చి, కూరగాయలు పెంచుకోవడానికి మడులుగా అద్దెకిస్తున్నారు. నేనూ ఒక మడి తీసుకున్నాను. రెండుసార్లు మొలకలు ఉప్పుకు మాడిపోయాయి. వదిలేద్దామనుకుంటే పక్క మడి సుబ్బమ్మగారు, "అప్పుడేనా అండీ? ఎరువు నాది, ఓపిక మీది. కూర మాత్రం చెరి సగం!" అని నవ్వారు. ఇద్దరం పశువుల ఎరువు వేశాం, పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ పెంచి మట్టిలో తొక్కాం, ఉప్పు కడుక్కుపోవాలని ఒక వానాకాలం ఆగాం.

ఈ పొద్దున తోటకూర పీకితే వేళ్ల కింద వానపాము కదిలింది.

"సుబ్బమ్మగారూ, ఇలా రండి!"

ఆవిడ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నారు. అది మళ్లీ మట్టిలోకి దూరేదాకా ఇద్దరం చూశాం. దాన్ని ఎవరూ తెచ్చి వేయలేదండీ. అదే వచ్చింది.

రేపు కోతపండగ. మీ పేరున ఒక తోటకూర కట్ట ఇస్తున్నాను. వేళ్లకున్న మట్టి కడగలేదు.